ఎదురొచ్చిన బిడ్డ

మనసులో ఉన్న ఒక్క మాట నాయన చెవిన వెయ్యడానికి ఫెబీ మూడు లాంగ్ నోట్‌బుక్కుల నవల రాసింది. నవ్వకండి. ముప్పై ఏళ్ల ఆడమనిషి, డిగ్రీ చదివింది, కొమరోలు నుంచి గిద్దలూరు దాకా ఏ సంఘంలో అడిగినా ఫెబీ అక్క ప్రార్థన చేస్తే జ్వరం దిగుతుందంటారు. అంతటి మనిషికి ఎదురుగా కూర్చున్న నాయనతో ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఆ నాయన ఎవరో తెలిస్తే మీకూ వచ్చేది కాదు.

ఆయన పేరు పోలయ్య. ఊళ్లో మాత్రం యెఫ్తా పోలయ్య అంటారు. ఆ బిరుదు వెనక ఒక బోరు ఉంది.

ఇరవై నాలుగేళ్ల కిందటి సంగతి. ఊరికి పడమట పోలయ్యకు మూడెకరాల మెట్ట ఉండేది. వాన పడితే కందులు, పడకపోతే కంపచెట్లు. మూడుసార్లు బోరుబండి వచ్చింది, మూడుసార్లూ తెల్లటి దుమ్ము లేపి పోయింది. నాలుగోసారికి పోలయ్య ఎవర్నీ వదల్లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని బేస్తవారిపేట నుంచి పిలిపించాడు. చర్చిలో ఉపవాస ప్రార్థన కూడా పెట్టించాడు. రెండూ చేయించినా నాలుగు వందల అడుగుల దాకా దుమ్మే. అప్పుడు ఆయన ఆ దుమ్ములోనే మోకాళ్ల మీద పడి, బండి మోతకు మించి అరిచాడు.

"ప్రభువా! నీళ్లు పడితే చాలు. ఇంటికి పోయేటప్పుడు మొట్టమొదట నాకు ఏది ఎదురొస్తే దాన్ని నీకిచ్చేస్తా!"

ఎదురు అంటే మా వైపు చిన్న విషయం కాదు. గడప దాటాక ఎవరు ఎదురొచ్చారన్నదాన్ని బట్టే పని అవుతుందో చెడుతుందో తేలిపోతుంది. ఏసుప్రభువును నమ్ముకుని విగ్రహాలు వదిలేసినవాళ్లు ఉన్నారు గానీ ఎదురును వదిలేసినవాళ్లు నాకైతే కనబడలేదు. పైగా పోలయ్య మనసులో ఇంకో ఎత్తు ఉంది. పాలసీసాతో పెంచిన నల్ల పొట్టేలు ఒకటి ఆయన ఇంట్లో ఉండేది. ఆయన గొంతు వినబడితే చాలు, కంచె దూకి వచ్చి మోకాళ్లకు తల రుద్దేది. రోజూ అదే ఎదురు. దాన్ని చర్చి ఏటా పెట్టే కన్వెన్షన్ సభల విందుకు తోలేస్తే మొక్కు తీరిపోతుంది, దేవుడికి మాట మాత్రం ఘనంగా వినబడుతుంది. మహా తెలివి!

ఐదు వందల అరవై అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. రెండించుల ధార. పోలయ్య తడిసిన చొక్కాతో ఏడుస్తూ, నవ్వుతూ ఇంటిదారి పట్టాడు. ఆ పొద్దునే ఎండబోసిన సజ్జలు మేసిందని ఆయన భార్య పాపమ్మ పొట్టేలును పెరట్లో గుంజకు కట్టేసింది. నీళ్లు పడ్డాయన్న కేక విని వీధిలోకి ఉరికొచ్చింది ఆరేళ్ల ఫెబీ.

"నాయనా! నీళ్లు పడినాయంట గదా!"

పోలయ్య నడివీధిలో కూలబడ్డాడు. బిడ్డ వచ్చి మెడ పట్టుకుంటే చేతులు లేపలేదు.

అప్పటికైనా గమ్మున ఊరుకుని ఉంటే, ఆ మాట బోరుబండి మోతలో కలిసిపోయేది. ఊరుకుంటే ఆయన పోలయ్య ఎట్లా అవుతాడు? మర్నాడు తెల్లవారి చర్చి పాస్టరు దగ్గరికి పోయాడు. అందరూ అయ్యగారు అని పిలిచే ఆ పాస్టరు పాత నిబంధన తెరిచి యెఫ్తా కథ చదివి వినిపించాడు. యెఫ్తా అనేవాడు యుద్ధానికి పోతూ, గెలిచి తిరిగొస్తే తన ఇంటి గుమ్మంలో నుంచి ముందుగా ఎవరు ఎదురొస్తే వాళ్లను దేవుడికిస్తానని మొక్కుకున్నాడట. ఒక్కగానొక్క కూతురు తంబుర వాయిస్తూ ఎదురొచ్చిందట. ఆ పిల్ల రెండు నెలలు గడువు అడిగి, స్నేహితురాళ్లతో కొండల మీద తిరిగి ఏడ్చి, మళ్లీ వచ్చి తండ్రి మొక్కుకు తలవంచిందట. అక్షరం ముక్క రాని పోలయ్యకు, తనలాంటి పని చేసినవాడు మూడు వేల ఏళ్ల కిందటే ఒకడున్నాడని, వాడి పేరు దేవుడి పుస్తకంలో ఎక్కిందని అప్పుడే తెలిసింది. ఆయన ఏడుపు సగానికి తగ్గింది.

"ఈ కాలంలో బలి అంటే కత్తి కాదు పోలయ్యా. సేవ. బిడ్డను పెళ్లి లేకుండా సేవకు అర్పించు," అన్నాడు అయ్యగారు.

ఆదివారం మైకులో పోలయ్య చేత ఆ మొక్కు గురించి సాక్ష్యం చెప్పించారు. ఫెబీ నెత్తిన నూనె పోశారు. చెవికమ్మలు తీయించారు. తెల్లగౌను, పెద్దయ్యాక తెల్లచీర. చర్చి ఊడవడం, సండే స్కూలు, ఆసుపత్రుల్లో రోగుల మంచాల దగ్గర ప్రార్థన. నల్ల పొట్టేలు సంగతంటారా? దాన్ని కూడా ఆ ఏటి కన్వెన్షన్‌లో తిన్నారు.

ఫెబీ ఆ బతుక్కి అలవాటు పడిపోయింది. పదిహేనేళ్లప్పుడు ఒక్కసారి గిద్దలూరు తిరనాళ్లలో గాజులు కావాలని అడిగింది. నాయన తిట్టలేదు, కొట్టలేదు. బిడ్డ మనసు లోకం వైపు పోయిందని రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చున్నాడు. మూడో రోజు ఫెబీయే కాళ్లు పట్టుకుని అన్నం తినిపించింది. కొట్టే తండ్రితో గొడవ పడొచ్చు. పస్తుండే తండ్రిని ఏం చేస్తారు? ఆ తర్వాత ఆమె ఏదీ అడగలేదు.

సుమన్ వచ్చేదాకా.

సుమన్‌ది బేస్తవారిపేట. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పోయిన ఏడు గొర్రెలకు నీలినాలుక రోగం వస్తే టీకాల ఐసుపెట్టె బండికి కట్టుకుని వచ్చాడు. పోలయ్య మందలో నలభై గొర్రెలు. ఫెబీ ఒక్కొక్కదాన్ని కాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటే అతను సూదులు వేశాడు.

"ప్రార్థన చేసే అక్క అన్నారు. మీరు పట్టుకునే పట్టు చూస్తే పంచాయితీ పెద్దమనిషి మాదిరి ఉన్నారే," అన్నాడు ఇరవయ్యో గొర్రె దగ్గర.

ఫెబీకి నవ్వొచ్చింది. మామూలుగా ఆమె నవ్వును కొంగుతో అడ్డుకుంటుంది. ఆ రోజు రెండు చేతుల్లో గొర్రె ఉండటంతో అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేకపోయింది. ముప్పై నాలుగేళ్ల బ్రహ్మచారి ఆ నవ్వును ముప్పై నాలుగేళ్లూ వెతికినవాడిలా చూశాడు. ఆ తర్వాత గొర్రెలు బాగానే ఉన్నా మందులు ఇవ్వడానికి నాలుగుసార్లు వచ్చాడు. అయిదోసారి మందు కూడా తేలేదు.

"మీ నాయనను నేను అడగనా?" అన్నాడు.

"వద్దు. నేను చెప్తా."

"ఎప్పుడు? మా అమ్మ మార్కాపురం సంబంధం ఒకటి పట్టుకుని కూర్చోనుంది. మీ కన్వెన్షన్ దాకా ఆపుతానని చెప్పినా. అంతకు మించి నా వల్ల కాదు ఫెబీ."

కన్వెన్షన్ మే నెలలో. ఇంకా అయిదు నెలలు ఉంది. ఆ తిరనాళ్ల గాజుల తర్వాత ఫెబీకి మళ్లీ ఇప్పుడే తనకంటూ ఒకటి కావాలనిపించింది. సుమన్ కావాలి. అతని వెనక బండి మీద కూర్చుని బేస్తవారిపేట వెళ్లాలి. రంగుచీర కట్టుకుని సొంత పొయ్యి ముందు కూర్చోవాలి. అడిగితే నాయన మళ్లీ పస్తుంటాడు. ఈసారి డెబ్బై ఏళ్ల ఒంటితో.

అడగకుండా చెప్పే దారి ఆమెకు రోజూ మధ్యాహ్నం కనబడుతూనే ఉంది. అన్నం తిన్నాక పోలయ్య గొర్రెల దొడ్డి పక్క రేకుల కింద కూర్చుని పగ్గాలు పేనుతాడు, ఫెబీ బైబిలు చదివి వినిపిస్తుంది. అన్నలు గుంటలో పడేసిన యోసేపు కోసం ఆయన వలవలా ఏడుస్తాడు. ఎడారిలో దప్పికతో పడిపోయిన హాగరు కోసం ఏడుస్తాడు. పుస్తకంలో ఉన్నవాళ్లకు ఆయన గుండె వెన్నపూస. ఇంట్లో ఉన్నవాళ్లే ఆయనకు కనబడరు. అయితే నేనూ పుస్తకంలోకి పోతా అనుకుంది ఫెబీ.

జనవరిలో మొదలుపెట్టింది. యెఫ్తా కూతురికి గ్రంథంలో పేరు లేదు. అంత పెద్ద త్యాగం చేయించుకుని పేరు కూడా రాయలేదు మహానుభావులు! ఫెబీ ఆ పిల్లకు యెరూషా అని పేరు పెట్టింది. గిలాదు కొండల మీద ఒక మాయ కల్పించింది. ఆ కొండల్లో మనుషులు చేసిన ప్రతి ప్రమాణం రాయిగా మారి పడి ఉంటుంది. రాజులు చేసినవి బండలు, పిల్లలు చేసినవి గులకరాళ్లు. వాటిని కాపలా కాసే ముసలమ్మకు కళ్లుండవు, వేళ్లతో తడిమి ఏ రాయి ఎవరి నోటిదో చెబుతుంది. యెరూషా రెండు నెలల గడువులో ఏడుస్తూ కూర్చోదు. తన నాయన మాట ఏ రాయిగా పడి ఉందో వెతుకుతుంది. దాన్ని మోసుకొచ్చి నాయన ఒళ్లో పెట్టి, వెనక్కి తీసుకొమ్మని చెబుతుంది. అదీ కథ. ఆ రాయి మార్కాపురం పలకల రాయిలా పొరలుపొరలుగా ఉంటుందని రాసింది. ఆమె చూసిన రాళ్లు అవే.

మార్చి కల్లా మూడు నోట్‌బుక్కులు నిండాయి. ఒక మధ్యాహ్నం బైబిలు మూసి మొదటి నోట్‌బుక్కు తెరిచింది.

"నాయనా, నేనొక కథ రాసినా. యెఫ్తా కథ. చదవనా?"

పోలయ్య చేతిలో పగ్గం ఆగింది. "మన కథా?"

"యెఫ్తా కథ నాయనా."

"అదే గదమ్మా. చదువు."

పది రోజుల్లో రేకుల కింద చోటు చాలలేదు. పక్కింటి యల్లమ్మ పొగాకు కట్టలు పట్టుకుని వచ్చేది. పాపమ్మ గడపలో కూర్చుని చింతకాయలు కొట్టేది. తమ్ముడు అశోక్ భార్య ఉమ అయిదో నెల కడుపుతో గోడకు ఆనుకుని వినేది. పెళ్లయిన నాలుగేళ్లకు నిలిచిన కడుపు అది. అశోక్ ట్రాక్టరు తోలడానికి పోయేవాడు, అతనికి కథలూ పట్టవు, ఇంట్లో గొడవలూ పట్టవు.

"ఆ గుడ్డి ముసిల్దానికి రాయి పట్టుకోంగానే ఎట్ల తెలుస్తాదే?" అనేది యల్లమ్మ.

"నువ్వు పట్టుకోంగానే పొగాకు ఎవరి చేనిదో చెప్తావు గదత్తా, అట్లనే," అనేది ఫెబీ. అందరూ నవ్వేవాళ్లు.

పోలయ్య మాత్రం నవ్వేవాడు కాదు. యెఫ్తా కనబడే చోటల్లా కండువాతో కళ్లు ఒత్తుకునేవాడు. యెరూషా ముళ్లలో కాళ్లు చీరుకుని కొండెక్కే అధ్యాయం చదువుతుంటే అడ్డుపడి అడిగేవాడు.

"అది సరే తల్లీ. ఆడ ఇంటికాడ నాయన ఏం చేస్తున్నాడు? అన్నం తింటున్నాడా? ఆయన బాధ గూడా కొంచెం రాయి."

ఫెబీ రాత్రిళ్లు కూర్చుని, నిండిన పేజీలు చించి మళ్లీ రాసింది. నాయన కరగాలని ఆయన అడిగిందల్లా రాసింది. యెఫ్తా ఏడ్చే పేజీలు ఎక్కువయ్యాయి, యెరూషా నడిచే పేజీలు తగ్గాయి. అది పొరపాటని ఆమెకు అప్పుడు తోచలేదు.

మూడో నోట్‌బుక్కులో ఒక ముసలి యాజకుడు యెఫ్తా గుమ్మంలోకి వస్తాడు. మొక్కుబడి చేసిన మనిషిని బదులు ఇచ్చి విడిపించుకోవచ్చని దేవుడి ధర్మశాస్త్రంలోనే ఉందని, ఇన్నాళ్లూ నీకు చెప్పిన పాపాన పోయినవాడు లేడని అంటాడు. ఆ చోటు చదివి ఫెబీ ఆగింది.

పోలయ్య తలెత్తాడు. "అట్ల నిజంగా ఉందా? నువ్వు కల్పించినావా?"

"ఉంది నాయనా. కావాలంటే చదివి వినిపిస్తా. లేవీయకాండంలో ఉంది."

"అయ్యగారు నాకు చెప్పలేదే!"

ఆ పూట ఇక పగ్గం పేనలేదు. సాయంత్రం దాకా బోరు దగ్గర ఒక్కడే కూర్చుని వచ్చాడు. ఆ రాత్రి పాపమ్మ కూతురి పక్కన పడుకుని, ఇరవై నాలుగేళ్లుగా బోసిపోయిన చెవి తమ్మెలు వేలితో తడిమింది.

"పూడుకుపోలేదులే. కమ్మలు పడతాయి," అంది. సుమన్ సంగతి ఆమెకు ఫెబీ చెప్పలేదు. తల్లికి చెప్పాలా?

కన్వెన్షన్‌కు రెండు రోజుల ముందు ఆఖరి అధ్యాయం చదివింది. యెరూషా రాయిని తెచ్చి తండ్రి ఒళ్లో పెడుతుంది. ఇది నీ మాట నాయనా, నా వల్ల కావడం లేదు అంటుంది. యెఫ్తా సుత్తి అందుకుని రాతిని కొడతాడు. పలక తర్వాత పలక ఊడిపోతుంది. ఒక్కో పలక మీద ఆయన మొక్కులోని ఒక్కో మాట. అన్నీ ఊడాక లోపల ఏమీ ఉండదు. ఉత్త గాలి. తండ్రీ కూతుళ్లు ఆ గాలిని చూసి పడీపడీ నవ్వుతారు.

యల్లమ్మ ముక్కు చీదింది. పోలయ్య కన్నీళ్లు గడ్డం మీదుగా కారి పగ్గం మీద పడ్డాయి.

"ఫెబమ్మా," అన్నాడు చివరికి. "కన్వెన్షన్‌లో నేను సాక్ష్యం చెప్పాల. ఆ పుస్తకాలు తీస్కరా. ఏ మైకులో మాటిచ్చినానో ఆ మైకులోనే చెప్తా."

ఫెబీ దొడ్డి వెనక్కి పోయి సుమన్‌కు ఫోను చేసింది. మాట సరిగా రాక రెండుసార్లు పెట్టేసింది. మూడోసారి చెప్పగలిగింది. "ఎల్లుండి రండి. పది గంటలకు. మీ అమ్మగారిని కూడా తీసుకురండి."

"మీ నాయనకు నా సంగతి చెప్పినావా?"

"చెప్పినట్టే."

కోతలైన చేలో షామియానా వేశారు. మూడు పల్లెల జనం వచ్చారు. సుమన్ తల్లి రాలేదు గానీ అతను వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనకాల మంచినీళ్ల డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. ఫెబీ ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుంది. పోలయ్య తెల్లపంచెలో వేదిక ఎక్కి, మూడు నోట్‌బుక్కులూ గుండెకు హత్తుకుని మైకు అందుకున్నాడు.

"అందరికీ వందనాలు. మీరంతా నన్ను యెఫ్తా పోలయ్య అంటారు. నా బిడ్డ ఆ యెఫ్తా మీద ఇంత పుస్తకం రాసింది. వింటావుంటే నాకు తెల్సింది, అది నా కడుపుకోత అని. ఇరవై నాలుగేండ్లు ఆ రాయిని నేను మోసినా. నేనొక్కణ్నే మోసినా!"

జనం ఉసూరుమన్నారు. నువ్వా నాయనా మోసింది అని ఫెబీకి లోపల చురుక్కుమంది. పోనీ, ఎవరు మోస్తేనేం, దించితే చాలు అనుకుంది.

"ఈ రోజు దించుతున్నా. దేవుడు దారి చూపించినాడు. ఫెబమ్మను విడిపించుకుంటున్నా!"

ఫెబీకి ఒళ్లంతా తేలికైపోయింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, లేచి పరిగెత్తాలనిపించింది. వెనక్కి తిరిగి చూసింది. సుమన్ నలుగురిలో ఉన్నానన్నది మర్చిపోయి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. పాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే ఉత్త చేతులతో దేవుడికాడికి ఎట్ల పోయేది?" పోలయ్య గొంతు ఇంకా పెరిగింది. "బదులు ఇయ్యాల. ధర్మశాస్త్రంలో అట్లనే ఉందని నా బిడ్డే చదివి వినిపించింది. గొర్రెను ఇస్తే మోసం. ఒకసారి ఆ మోసం చెయ్యబోయే గదా ఇంత అనుభవించినా. బిడ్డకు బిడ్డే బదులు. మా కోడలు ఉమకు ఏడో నెల. పుట్టేది మగబిడ్డ గానీ, ఆడబిడ్డ గానీ, ప్రభువు సేవకు ఇచ్చేస్తున్నా!"

హల్లెలూయా అని చేను దద్దరిల్లింది. అయ్యగారు రెండు చేతులూ పైకెత్తాడు. అశోక్ సౌండు బాక్సుల దగ్గర నిలబడి తన కాళ్లు తాను చూసుకుంటున్నాడు. ఉమ చేతిలో మజ్జిగ గ్లాసు అట్లాగే ఉంది. ఆమె ఫెబీ వైపు చూసింది. వేరే ఎవరి వైపూ చూడలేదు.

ఫెబీ లేచింది. వేదిక ఎక్కింది. మైకు అందుకుంది. జీవితంలో ఎన్నో ప్రార్థనలు చేసిన మైకే. దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుని అంది.

"నాయనా, ఆ బిడ్డ వద్దు. నేనే ఉంటా. సేవలోనే ఉంటా. నాకు ఇష్టమే."

ఏం మాట అది! నోరు తెరవక తెరవక తెరిస్తే వచ్చిన మాట అదా! అక్కడ నిలబడి, నాకూ ఆ బిడ్డకూ ఇద్దరికీ ఈ సేవ వద్దు అని ఎందుకు అనలేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆ క్షణానికి ఉమ కడుపు ఒక్కటే కనబడింది. దాన్ని తప్పించడానికి తనకు చేతనైన దారి ఒక్కటే తెలుసు.

పోలయ్య కూతుర్ని కావలించుకుని భోరుమన్నాడు. సంతోషంతో.

"చూసినారా! యెఫ్తా బిడ్డంటే ఇట్ల ఉంటాది! విడిపించినా పోనంటుంది!" మైకులో నుంచి ఆయన ఊపిరి గరగరలాడింది. "అయినా నా నోటి నుంచి వచ్చింది వచ్చినట్టే. దేవుడి ముందర వెనక్కి తీసుకోను. ఇద్దర్నీ ఇస్తున్నా!"

రెండింతల అర్పణ అన్నాడు అయ్యగారు. నూనె సీసా తెమ్మన్నాడు. ఫెబీ తలెత్తి చూసేసరికి డ్రమ్ము పక్కన ఎవరూ లేరు. కాసేపటికి ఫోనులో సుమన్ మెసేజ్ వచ్చింది. "ఇష్టమే అన్నావు కదా. మరి నన్నెందుకు రమ్మన్నావు?" ఆమె జవాబు రాస్తూ కొట్టేస్తూ ఉండగా ఫోను చార్జింగు అయిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటికొచ్చారు. దొడ్డి దగ్గర ఉమ బట్టల సంచి సర్దుకుంటూ కనబడింది. మొహం ఉబ్బి ఉంది గానీ కళ్లలో తడి లేదు.

"మా అమ్మోళ్ల ఊరు పోతున్నా వదినా. కనిగిరి బస్సుకు. కాన్పు ఆడనే."

"నన్ను క్షమించు ఉమా. ఆ బదులు సంగతి నేను రాసింది నా కోసం. సుమన్ అని..." అంతా చెప్పింది. నీలినాలుక రోగం, మార్కాపురం సంబంధం, మూడు నోట్‌బుక్కులు అన్నీ.

ఉమ సంచి కింద పెట్టింది. తెల్లబోయి చూసింది.

"అయితే కథంతా మామకు ఆ మాట చెప్పడానికా? ఇన్ని నెలలు? వదినా, నాకు పెండ్లి కావాల అని ఒక్క మాట అంటే అయిపోయె గదా?"

"నాయనతో అట్ల అనలేం ఉమా. నీకు తెలీదు. అన్నం మానేస్తాడు. దేవుడికిచ్చిన మాట కోసం ప్రాణమైనా..."

"ఎందుకనలేం?" అంది ఉమ.

సంచి భుజానికి తగిలించుకుని రేకుల కిందికి నడిచింది. ఫెబీ భయపడి వెనకాలే పోయింది. పోలయ్య అప్పుడే కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. నోట్‌బుక్కులు పక్కనే ఉన్నాయి.

"మామా, నా బిడ్డను నేను ఇయ్యను," అంది ఉమ. నిలబడే అంది, గొంతు కూడా పెంచలేదు. "నన్ను అడక్కుండా మైకులో చెప్పినావు. అది నీ మాట, నాది కాదు. నాకు ఇష్టం లేదు."

పాపమ్మ చేతిలో చెంబు జారింది. ఫెబీ కళ్లు గట్టిగా మూసుకుంది. ఇక పడుతుంది పిడుగు అనుకుంది. ఇక ఈ ఇంట్లో ఎన్ని రోజులు పొయ్యి వెలగదో అనుకుంది.

పోలయ్య కోడల్ని ఎగాదిగా చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"నీకు ఇష్టం లేదా?" అన్నాడు. "ముందే చెప్తే నేను అనకపోదును గదమ్మా. సరేలే. కోపం చేసుకోబాకు. ఎండలో పోబాకు, పొద్దు వాలినాక అశోకు బస్సెక్కిస్తాడు."

"మరి దేవుడికిచ్చిన మాట?" అంది ఫెబీ. ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు.

"దేవుడికి తెలీదా తల్లీ? కన్నతల్లి ఒద్దంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు," అన్నాడు పోలయ్య మంచం మీద ఒరుగుతూ. "ఎట్లనూ నువ్వుండావు గదా."

ఉమ ఫెబీ మొహంలోకి చూడలేక సంచి తీసుకుని లోపలికి పోయింది. ఫెబీకి ఆ క్షణాన కోపం నాయన మీద రాలేదు. ఉమ మీద వచ్చింది, అంత తేలిగ్గా అనేసినందుకు. ఇష్టం లేదన్న ఆ మాట ఇరవై నాలుగేళ్లూ ఈ మంచం దగ్గరే ఉంది. ఎవరైనా అనొచ్చు. ఆ పూట ఆమె కూడా అనొచ్చు.

"ఫెబమ్మా," అని పిలిచాడు పోలయ్య కళ్లు మూసుకునే. "ఆ మూడో పుస్తకం తియ్యి. నాయన ఒక్కడే ఇంట్లో కూర్చోని ఏడుస్తాడు చూడు, ఆడ నుంచి చదువు."

ఫెబీ నోట్‌బుక్కు తీసి ఆ పేజీ వెతికింది.